గాలం పుస్తకంలో కొట్టేసిన పేరు

గ్రంథాలయ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడు ఒకటే అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదన్నా చెప్పండి." ఏ మంత్రిగారో వచ్చి మెచ్చుకున్న సంగతో, నేనిచ్చిన పుస్తకాలు చదివి కలెక్టరైన కుర్రవాడి సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి నా దగ్గర లేవు. నా దగ్గర ఉన్నది ఒక కోపం. ఇరవై ఏళ్ళు దాటింది, బీపీ మాత్రలు రెండు రకాలు మారాయి, కోపం మాత్రం మారలేదు. అందులో సగం ఇతరుల మీద, సగం నా మీద.

రెండువేల నాలుగో ఐదో సంవత్సరం. వానాకాలం మొదట్లో. నేను వనపర్తిలో పనిచేస్తున్నాను. పొద్దున పేపర్లు సర్దుతుంటే ఒకామె వచ్చింది. అరవై దాటి ఉంటుంది. చెప్పులు గడప బయట విడిచి, తడి కాళ్ళు కొంగుతో తుడుచుకుని మరీ లోపలికి అడుగుపెట్టింది. రోజూ వచ్చే డిగ్రీ కాలేజీ పిల్లలు ఒక్కరూ అంత మర్యాద చేయరు.

"గాలం ఏసుడు మీద ఒక పుస్తకం ఉన్నదంట గద అమ్మా మీ తాన. జర సూపియ్యి."

"ఎవరికి కావాలి?"

"నాకే. నాకు సదువు రాదు. నువ్వే సూసి చెప్పాలె. దాంట్ల మా నాయిన పేరుండాలె."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. వాళ్ళది శ్రీరంగాపూర్. తండ్రి చెరువులో చేపలు పట్టి బతికినవాడు. గాలం వేయడంలో ఆ చుట్టుపట్ల ఆయనను మించినవాడు లేడట. పెద్ద ఉద్యోగం చేస్తున్న దొర ఒకాయన సరదాకు గాలం పట్టుకుని చెరువు కట్టకు వచ్చేవాడు. ఆయనకు చేపలు పడేవి కావు. పక్కన ఈమె తండ్రికి పడేవి. అట్లా మొదలైంది. రెండు వానాకాలాలు ఆ తండ్రి చెబుతుంటే దొర కట్ట మీద కూర్చుని రాసుకున్నాడు.

"నేను ఎర్రల డబ్బ పట్టుకొని పక్కన్నే కూసుంటుంటి. ఎనిమిదేండ్లదాన్ని. మా నాయిన చెప్తుండె, దొర రాస్తుండె. ఏ చేపకు ఏ ఎర, ఏ ముల్లు, ఏ యాల. అన్నీ చెప్పిండు. పుస్తకమైందని దొరనే ఒచ్చి చెప్పిండు, నీ పేరు గూడ అచ్చేసిన అన్నడు. పుస్తకమైతే ఇయ్యలే."

తండ్రి ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. చూపించమన్నారు. చూపించడానికేముంది? వేలిముద్రగాడికి పుస్తకమేందని నవ్వారు. ఆ నవ్వు ఇంటిపేరైపోయింది. వాళ్ళను ఊళ్ళో 'బుక్కోళ్ళు' అని పిలుస్తారు. రేషన్ లైనులో నిలబడ్డా, పెళ్ళిలో బంతికి కూర్చున్నా, "జర జరుగుండ్రి, బుక్కోళ్ళొచ్చిండ్రు." ఆమె తమ్ముడు ఈ మాట మీదే కొట్లాడి పన్ను పోగొట్టుకున్నాడు. తండ్రి అబద్ధాలకోరనే పేరుతోనే పోయాడు. ఇప్పుడు ఆ దొర మనవడెవరో పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేస్తున్నాడని, వనపర్తిలో సభ పెడుతున్నాడని విని ఆమె వచ్చింది.

"మళ్ల అచ్చయితే మళ్ల అబద్ధమే గట్టిపడతది. ఒక్కసారి సూసి చెప్పు తల్లీ."

బీరువాలోంచి తీశాను. నూరు పేజీలు కూడా లేని సన్న పుస్తకం, మా బైండరు వేసిన నీలం కాలికో గుడ్డ అట్ట. లోపలి మొదటి పేజీ మీద 'రచన' అని, కింద దొరగారి పేరు, పేరు కింద ఆయన హోదా. అంతే ఉంది. ఒక్క నిమిషం చూశాను, ఆ నిమిషంలో కూడా సగం చూపు గుమ్మం దగ్గర పేపర్ల కోసం కొట్లాడుకుంటున్న వాళ్ళ మీదే.

"మీ నాయన పేరు లేదమ్మా. రాసింది వేరే ఆయన."

"మంచిగ సూసినవా?"

"చూశాను. పెద్దవాళ్ళ పక్కన కూర్చుంటే అంతా మనమే చేసినట్టు అనిపిస్తుంది లెండి."

ఈ రెండో వాక్యం ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. జీతం తీసుకుని చేసే పనిలో అది లేదు. ఆమె నా మొహం వంక చూసి, "అందరు గట్లనే అంటరు," అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆ పుస్తకం బల్ల మీదే ఉంటే తిరగేశాను. చక్కని పుస్తకం. నెమలీక కాడను బెండుగా ఎట్లా కట్టాలి, జొన్నపిండి ముద్దలో కొంచెం తెలకపిండి ఎందుకు కలపాలి, నీళ్ళ మీద మనిషి నీడ పడితే కొర్రమట్ట ఎంతసేపటికి తిరిగి వస్తుంది, ఇవన్నీ పక్కన కూర్చుని చెప్పినట్టు ఉన్నాయి. చేపలు తినని నాకే ఒకసారి గాలం వేద్దామా అనిపించింది. అట్లా చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగాను. 'మా నాయన నడుములోతు నీళ్ళలో నిలబడి, కాలివేళ్ళతో మట్టిని తడిమి, ఇక్కడ వాలుగ పండుకున్నదని చెప్పేవాడు.'

దొరగారి తండ్రి సంగతి వనపర్తిలో పాతవాళ్ళందరికీ తెలుసు. పేరున్న వకీలు. వాన నీళ్ళు దాటాలన్నా మనిషి భుజం మీద ఎక్కి దాటేవాడని మా అమ్మ చెప్పేది. ఆయన నడుములోతు నీళ్ళలో దిగి, కాలివేళ్ళతో వాలుగను తడమడమా? మొదట నవ్వొచ్చింది. తర్వాత పొద్దున నేనన్న మాట గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

లోపలి పేజీ ఈసారి సరిగ్గా చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో 'మూడవ ముద్రణ, హైదరాబాదు' అని ఉంది. అయితే మొదటిదీ రెండోదీ ఎక్కడ? మా గ్రంథాలయం పాతది. ఉండాలి.

యాక్సెషన్ రిజిస్టర్ అంటే తెలుసు కదా, గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరు వేసి రాసుకునే పెద్ద చిట్టా. పాతవి అటక మీద ఉన్నాయి. రెండు రోజులు దుమ్ము తిన్నాక నాలుగో రిజిస్టర్‌లో దొరికింది. అదే పుస్తకం, మొదటి ముద్రణ, అచ్చయిన ఊరు గద్వాల. కర్త అనే గడిలో నాకు ముందెప్పుడో పనిచేసిన ఒక మహానుభావుడు ముత్యాల్లాంటి అక్షరాలతో, ఉన్నది ఉన్నట్టు దించాడు: 'చెప్పినది' అని శ్రీరంగాపూర్ మనిషి పేరు, దాని కింద 'వ్రాసినది' అని దొరగారి పేరు.

ఆ వరుస మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత. గీత చివర 'తొలగించడమైనది'. దాని పక్కన సంతకం నాది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఇదే గ్రంథాలయంలో పాత పుస్తకాల ఏరివేత జరిగింది. మా వృత్తిలో ఒక అలవాటు ఉంది: ఒకే పుస్తకం రెండు ముద్రణలు ఉంటే కొత్తది ఉంచి పాతది తీసేయడం. బీరువాలో చోటు కలిసొస్తుంది, పైవాళ్ళు చురుకైన మనిషి అంటారు. నేను చాలా చురుగ్గా తీసేశాను. ఆ ఏడాది నన్ను మెచ్చుకున్నారు కూడా. పిల్లలూ, మీరు ఈ అలవాటు నేర్చుకోకండి. మూడో ముద్రణ మొదటి ముద్రణకు పెద్దన్న కాదు, అది వేరే పుస్తకం. అందులో ఏమి పోయిందో పాతది పక్కన పెట్టుకుంటే తప్ప తెలియదు.

దొరగారి మనవడు సభ ఏర్పాట్లకని వనపర్తి వచ్చి ఉన్నాడు. రిజిస్టర్ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. చల్లటి గది, మర్యాదైన మాట. రిజిస్టర్ చూసి చిరునవ్వు నవ్వాడు.

"చేతిరాతదేముంది మేడం, మీ గుమాస్తాలు ఏదో ఒకటి రాసుకుంటారు. అచ్చులో చూపించండి, తప్పకుండా మారుస్తాను. మా తాతగారి పుస్తకానికి మచ్చ రావడం నాకు మాత్రం ఇష్టమా?"

గుమాస్తా అన్న మాటకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా అతను అడిగిన దానిలో న్యాయం ఉంది. అచ్చులో ఉన్న రుజువును తీసి పారేసిందాన్ని నేనే. చూపిస్తాను అని వచ్చేశాను.

తర్వాత మూడు వారాలు నా సెలవులన్నీ ఆ పుస్తకానికే పోయాయి. తెలిసిన గ్రంథాలయాలన్నింటికీ కార్డులు రాశాను. ఎక్కడా మొదటి ముద్రణ లేదు. నాలాంటి చురుకైనవాళ్ళు అంతటా ఉన్నారు. చివరకు నాగర్‌కర్నూల్‌లో గాలం పిచ్చి ఉన్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి దగ్గర రెండో ముద్రణ ఉందని తెలిసి వెళ్ళాను. ఆయన కండువాలో చుట్టి దాచుకున్నాడు. చేతికివ్వలేదు, తనే పేజీలు తిప్పి చూపించాడు. ఇందులో 'చెప్పినది' అన్న వరుస లేదు. ముందుమాట చివర మాత్రం 'కొన్ని వివరాలు తెలిపిన ఒక స్థానిక జాలరికి కృతజ్ఞతలు' అని ఉంది. మూడో ముద్రణకు ముందుమాటే ఎగిరిపోయింది. మొదట పేరు, తర్వాత 'ఒక జాలరి', ఆ తర్వాత సున్న. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఇక్కడ సోకు కూడా మెట్టు మెట్టుగా చేసుకున్నారు.

"సార్, మీకెప్పుడూ అనుమానం రాలేదా?" అని అడిగాను.

"ఎందుకు రాలేదమ్మా? గాలం పట్టినోడికి తెల్వదా, ఇది కుర్చీల కూసున్నోని మాట కాదని. అయితే అడిగెటోళ్ళు ఎవరు ఉండిరి? నువ్వొచ్చి అడిగినవు, చెప్తున్న." ఆయనకూ కోపం వచ్చింది, నా మీద కాదు. వెనక అట్ట అడుగున వేలు పెట్టి చూపించాడు. అక్కడ గద్వాలలోని ముద్రణాలయం పేరుంది.

ఆ ప్రెస్ ఇంకా నడుస్తోందని ఫోను చేసి తెలుసుకున్నాను. మొదటి ముద్రణా అక్కడే పడిందట, పాత ఫైలు కాపీలు ఉన్నాయట, కానీ ఫైలు కాపీ గడప దాటించరట. ప్రెస్‌లో పడ్డ ప్రతిదానికీ ఒక ప్రతి ఉంచుకోవడం, దాన్ని బయటికి ఇవ్వకపోవడం వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. మా గ్రంథాలయాలకు ఆ బుద్ధి ఉంటే బాగుండేది. పుస్తకం రాదు కాబట్టి మనిషినే తీసుకుపోదామనుకున్నాను. శ్రీరంగాపూర్ వెళ్ళి, గడప బయటే నిలబడి, "నేను సరిగ్గా చూడలేదమ్మా, తప్పైంది, గద్వాల రండి," అని చెప్పాను. "ఆడ గూడ లేకుంటే?" అంది ఆమె.

"ఉంటుంది."

"మొన్న గూడ గింతే గట్టిగ చెప్పినవు."

అయినా వచ్చింది. పెబ్బేరులో బస్సెక్కింది. దారిలో నాతో మాట్లాడింది ఒక్కసారే. బీచుపల్లి వంతెన మీద కిటికీలోంచి కృష్ణ నీళ్ళు చూసి, "గా బండ ఎనుక సుడి కాడ వాలుగలుంటయి. మా నాయిన ఉంటే బస్సు ఆపమంటుండె," అంది.

ప్రెస్ గద్వాల బజారులో, చీరల దుకాణాల వెనక సందులో ఉంది. ముందు గదిలో కంప్యూటర్, వెనక గదిలో కాలితో తొక్కి అచ్చువేసే పాత ట్రెడిల్ మిషన్, చుట్టూ సీసపు అక్షరాల గళ్ళపెట్టెలు. నేత సంఘం లేబుళ్ళు, పెళ్ళి పత్రికలు ఇంకా అక్కడే వేస్తారు. యజమాని మమ్మల్ని వెనక్కి తీసుకుపోయి, స్టూలు మీద కూర్చున్న ఒక ముసలాయనను చూపించాడు. ఆ ప్రెస్‌లో యాభై ఏళ్ళకు పైగా అక్షరాలు కూర్చిన కంపోజిటర్. ఆయన అప్పటికే ఫైలు తీసి పెట్టుకున్నాడు. శుభలేఖలు, సినిమా కరపత్రాలు, గ్రామఫోను దుకాణం జాబితా, వాటి మధ్య కుట్టి పడేసిన మా గాలం పుస్తకం.

లోపలి పేజీ తెరిచాను. 'చెప్పినది' అని ఉంది. దాని పక్కన ఆయన పేరు, ఊరి పేరు. దాని కింద 'వ్రాసినది', దొరగారి పేరు. పైవరుస మీద ఎర్ర సిరా గీత. పక్కన మార్జిన్‌లో అదే ఎర్ర సిరాతో, దస్తూరీ తిరిగిన చేతితో, 'ఈ పంక్తి అక్కరలేదు' అని రాసి ఉంది.

ఎవరి పేర్లూ ఇక్కడ రాయనని మీరు గమనించే ఉంటారు. దొరగారి పేరు రాసి ఆయనకు ఇంకో ముద్రణ ఇవ్వడం నాకిష్టం లేదు. ఆ చేపల మనిషి పేరు కావాలంటే గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకం తెరవండి, ఎందుకో ఇంకొంచెం చదివితే తెలుస్తుంది.

కంపోజిటర్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేరు పైకి చదివాడు. ఆమె స్తంభానికి ఆనుకుని విన్నది. "ఇంకొకసారి," అంది. మళ్ళీ చదివాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఉన్నది గద. మరి మల్లొక్కసారి అచ్చేసినప్పుడు యాడికి పోయింది?"

ముసలాయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచాడు. "నేనే తీసినమ్మా. రెండోసారి అచ్చుకు దొర ఈడనే కూసోని ఇదే పుస్తకం దిద్ది ఇచ్చిండు. గీత కొట్టిన లైను ఇడిసి కంపోజ్ చేసిన."

"ఎందుకని అడగలేదా?" అంది ఆమె.

"దొరను అడిగే రోజులా అవి? అయినా అడగాల్సుండె. మీ నాయిన పేరు మొదాల్సారి పేర్చింది గూడ నేనే. చేపల మనిషి పేరు పుస్తకంల రావట్టె అని అప్పుడు మస్తు సంబురపడ్డ. అట్లాంటిది నా చేతితోని నేనే ఇడిసిపెట్టిన."

"మా నాయినను ఊరంత దొంగను జేసింది. మా తమ్ముడు దవాఖానకు పోయిండు. నువ్వు ఒక్క లైను ఇడిసిపెట్టినవు, మేము యాభై ఏండ్లు మోసినం." ఆమె గొంతు ప్రెస్ అంతా వినిపించింది. ముందు గదిలో కంప్యూటర్ మీద పనిచేస్తున్నాయన కూడా లేచి నిలబడ్డాడు. ముసలాయన తలవంచుకుని విన్నాడు. నేనూ తలవంచుకున్నాను, ఆమె ఆ మాటలు నాతో అనలేదు కానీ అనదగినవే.

ఆమె మళ్ళీ అంది: "తీసిన చెయ్యి ఉన్నది గద. మళ్ల పెట్టు."

"పుస్తకం నా చేతుల లేదు బిడ్డా."

"నాకు తెల్వదు. పెట్టు."

ఆయన లేచాడు. గళ్ళపెట్టె ముందుకు పోయి అక్షరాలు పేర్చే స్టిక్ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో అక్షరం వెతికి తీసి పేర్చాడు. అక్షరాలు రెండుసార్లు జారాయి, యజమాని సాయం పోబోతే వద్దన్నాడు. అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్ద చీటీ: 'ఈ పుస్తకమును చెప్పినది' అని, కింద ఆయన పేరు, 'శ్రీరంగాపూర్'. ట్రెడిల్ మీద రెండు వందల చీటీలు పడ్డాయి. మొదటిది తడి ఆరకముందే ఆమె కొంగులో ముడివేసుకుంది. సిరా అంటుకుని కొంగు నల్లబడింది, ఆమె పట్టించుకోలేదు.

ఎర్రగీత ఉన్న పేజీకి ప్రెస్‌లోనే జిరాక్స్ తీయించుకుని మనవడి దగ్గరకు వెళ్ళాను. అచ్చులో చూపించమన్నాడు కదా, చూపించాను. ఈసారి చిరునవ్వు లేదు.

"లోపలి ఫారాలన్నీ అచ్చయిపోయాయి మేడం, బైండింగే మిగిలింది. అయినా చెప్పడం వేరు, రాయడం వేరు. మా తాతగారు రాయకపోతే ఆ ముసలాయన మాటలు చెరువులోనే కలిసిపోయేవి."

"మీ తాతగారు రాశారు, అందుకు ఆయన పేరుంది. ఎవరూ తీసేయమనలేదు. ఆ ముసలాయన చెప్పకపోతే మీ తాతగారు ఏం రాసేవారు? వకీలుగారు నడుములోతు నీళ్ళలో దిగారని రాసేవారా?"

సభ జరిగింది. దండలు, శాలువాలు, లోపల తాతగారి నిలువెత్తు ఫొటోతో నాలుగో ముద్రణ. వక్తలు ఆయన ప్రకృతి ప్రేమను కొనియాడారు. వాళ్ళలో ఒక్కరూ గాలం ముల్లు ముట్టుకున్నట్టు లేదు. నేను వెనక వరుసలో కూర్చుని పళ్ళు నూరుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, లేచి అడగాల్సింది. ఉద్యోగం భయం. కంపోజిటర్‌ది దొర భయం, నాది ఆఫీసు భయం, తేడా ఏముంది?

నెల తిరగకుండా ఆ పుస్తకాలు గ్రంథాలయాలకు వచ్చాయి. మా ప్రతులకు నంబరు వేసి, ముద్ర వేసి, లోపలి పేజీ మీద 'రచన' అన్న మాట పైన చీటీ అంటించాను. కేటలాగు కార్డు మీద మొదట చెప్పినాయన పేరు, తర్వాత దొరగారి పేరు రాశాను. గద్వాల, నాగర్‌కర్నూల్ గ్రంథాలయాల్లో తెలిసినవాళ్ళకు చీటీలు పంపితే వాళ్ళూ అంటించారు. ఎవరో పైకి చేరవేశారు. 'పుస్తకాలను పాడుచేసినందుకు' సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. 'పాడుచేయలేదు, బాగుచేశాను' అని రాసి, జిరాక్స్ జతచేసి పంపాను. జవాబు రాలేదు. పరిపాలనా సౌలభ్యం కోసం నన్ను కోడేరుకు బదిలీ చేసిన కాగితం వచ్చింది. కోడేరులోనూ ఆ పుస్తకం ఉంది. చేరిన రోజే అంటించాను.

వనపర్తిలో చివరి వారం ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట ఊరివాళ్ళు ఐదారుగురు. ముందు నిలబడ్డ తెల్ల తలపాగా పెద్దమనిషి చిన్నప్పటి నుంచీ బుక్కోళ్ళు బుక్కోళ్ళు అన్నవాళ్ళలో మొదటివాడని ఆమె వేలు పెట్టి మరీ చూపించింది. ఆయన ఇబ్బందిగా కదిలాడు.

"పుస్తకం తియ్యి తల్లీ. సదువు."

తీసి, లోపలి పేజీ తెరిచి, మెల్లగా చదివాను.

"గట్ల కాదు. గట్టిగ సదువు. అందరు ఇనాలె."

మా గోడ మీద 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాల బోర్డుంది. సర్వీసంతా దాని కింద కూర్చుని ఎందరి నోళ్ళు మూయించానో లెక్కలేదు. లేచి నిలబడి, గొంతంతా పెట్టి చదివాను: ఈ పుస్తకమును చెప్పినది, ఆయన పేరు, చీటీ మీద ఆయన తండ్రి పేరు ఉంటే అదీ చదివేదాన్నే, శ్రీరంగాపూర్. పేపర్లు చదువుతున్నవాళ్ళు తలలెత్తారు. మూల బల్ల దగ్గర పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒకాయన విసుగ్గా, "మేడం, ఇది లైబ్రరీ," అన్నాడు.

"అవును," అని, మళ్ళీ మొదటి నుంచి చదివాను.